తొలి ముద్ద

మా ఆవిడ కెజియాను మట్టిచేసి వచ్చిన రోజది. ఇంటికి రాగానే ఏలీషాగారు నా ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆదివారం మా యూదుల మందిరానికి కొత్త పెద్దను ఎన్నుకోవాలి. ఆ పదవి మీద ఆయనకు ఆశ.

"పొయ్యి వెలిగించకండి మాస్టారూ. మన ఆచారం ప్రకారం ఇవాళ మీ తొలి ముద్ద ఇరుగుపొరుగు వాళ్ళే తేవాలి."

"సరేనండి."

"మోషేని దేవుడు నాయకుణ్ణి ఎందుకు చేశాడంటారు? మందలోంచి ఒక మేకపిల్ల పారిపోతే వెంటపడ్డాడు. అది వాగు దగ్గర ఆగి నీళ్ళు తాగింది. 'అయ్యో, నీకు దాహమని తెలీలేదే' అని భుజాన ఎత్తుకొచ్చాడు. అదండీ పెద్దరికమంటే! కాసిని మంచినీళ్ళు ఇప్పించండి, గొంతు ఎండిపోయింది."

లేచి తెచ్చి ఇచ్చాను.

ఇంతలో పక్కింటి సుబ్బరావమ్మ మిరప కళ్ళం నుంచి వచ్చింది. పళ్ళెంలో అన్నం, ఉడికించిన గుడ్లు ఉన్నాయి.

"పొద్దుట్నుంచీ ఏం తినలేదుగా మాస్టారూ, తినండి" అని పళ్ళెం మా మధ్య పెట్టి మళ్ళీ పనికి వెళ్ళిపోయింది.

"చూశారా, మన ఆచారం ఎంత గొప్పదో!" అంటూ ఏలీషాగారు ఒక గుడ్డు తీసుకున్నారు. "నేనూ పొద్దుట్నుంచీ మీతోనే ఉన్నా గదండీ."

ఆయన కథలో మోషే ఎర్ర సముద్రం దాటేసరికి పళ్ళెం ఖాళీ అయింది.

"మీ ఓటు నాకేగా మాస్టారూ?"

ఆయన చేతుల మీద నీళ్ళు పోస్తూ ఆ మేకపిల్ల గురించే ఆలోచించాను. అదృష్టవంతురాలు, ఈయన మందలో పుట్టలేదు.

నేనింకా అన్నం తినలేదు.