పాన్ దెశింగ్ ఇటుక

జెండా పైకెత్తి గైడు లూ చింగ్యా బస్సులో తలలు లెక్కపెట్టింది. పద్దెనిమిది ఉండాలి, పంతొమ్మిది తేలాయి.

మళ్ళీ లెక్కపెట్టింది. మళ్ళీ పంతొమ్మిదే.

చివరి సీట్లో ఎవరో ముసలాయన, ఒళ్ళో టీ సీసా పెట్టుకుని కూర్చున్నాడు. మెడలో సదస్సు కార్డు లేదు.

"తాతా, ఇది గుండె డాక్టర్ల సదస్సు వాళ్ళ బస్సు. మీరెవరు?"

"రోంగ్ బోహాయ్ అంటారమ్మా. కోట గోడ దాకా వస్తాను. ఇక్కడే ఓ మూల కూచుంటా."

డ్రైవర్ థాంగ్ అద్దంలోంచి నవ్వాడు. "రానీ చింగ్యా! ఏదో గోడ పిచ్చి. గైడులందరి బస్సులూ ఎక్కుతుంటాడట. నీ సొమ్మేం పోయింది?"

దింపేయాల్సిందే. కానీ విదేశీ అతిథులు చూస్తున్నారు. ఈ రోజు వాళ్ళు మెచ్చుకుంటేనే మిగతా మూడు రోజులూ ఆమెకిస్తామన్నారు సదస్సు వాళ్ళు. లేకపోతే మళ్ళీ బడిపిల్లల బస్సులే గతి. పొద్దున్నే రచ్చెందుకని ఊరుకుంది.

నాన్జింగ్ నగరం కోట గోడ మెట్లు ఎక్కుతుంటే ముసలాయనకి ఆయాసం ముంచుకొచ్చింది. అతిథుల్లో ఓ తెల్లజుట్టు డాక్టరమ్మ ఆగిపోయింది.

"ఈయన పెదాలు నీలంగా ఉన్నాయి. మెట్లెక్కకూడదని చెప్పండి."

చింగ్యా చెప్పింది.

"మా డాక్టరూ అదే అన్నాడు. ఇదే ఆఖరుసారని మా ఆవిడకి ఒట్టేసి వచ్చా," అన్నాడాయన, ఇంకో మెట్టెక్కుతూ.

పైకి చేరాక చింగ్యా గొంతు విప్పింది. ఆ పిల్ల చెబుతుంటే వినాలి మరి! ఆరువందల ఏళ్ళ గోడ, ఇటుకల మీద చేసినవాళ్ళ పేర్లు, ఇటుక పాడైతే ఆ పేరు పట్టుకుని వెతికి శిక్షించిన రోజులు... గైడు పరీక్షకి బట్టీపట్టిన పుస్తకం, నాలుగేళ్ళయినా పొల్లు పోలేదు. ఊళ్ళో గైడులందరిదీ అదే పుస్తకం. అట్ట కూడా లేని ఫోటోకాపీ ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి వస్తూ ఉంటుంది.

బీటవారిన ఇటుక దగ్గర ఆగింది. ఆమె తురుపు ముక్క ఇదే.

"చూడండి, దీని మీది పేరు పాన్ దెశింగ్. నాసి ఇటుక చేసి చక్రవర్తినే మోసం చేశాడు. తల తీయించారు!"

అతిథులు "అయ్యో" అన్నారు. ఫోన్లన్నీ ఇటుక మీదికి వంగాయి.

"కాదమ్మా," అన్నాడు ముసలాయన మెల్లిగా. "అతని తల ఎవరూ తీయలేదు. డెబ్భై ఒక్కేళ్ళు బతికాడు. వాళ్ళ వంశావళిలో నా కళ్ళతో చూశాను. నా చిన్నప్పుడు దీపం తగిలించడానికి ఇక్కడ మేకు దిగ్గొట్టారు. ఆ బీట అప్పటిది."

"పుస్తకంలో ఉంది తాతా!"

"పుస్తకం రాసేదీ మనిషేగా. కొత్త అచ్చులో ఆ ముక్క తీసేశారు. మీరంతా పాతదాని ఫోటోకాపీలే చదువుతారు. ఇది విని జనం పాన్ వంశం వాళ్ళ ఊరెళ్ళి వింతగా చూస్తున్నారు. బళ్ళో వాళ్ళ పిల్లల్ని 'తలతెగినోడి సంతానం' అని ఏడిపిస్తున్నారు. ఆ ఒక్క ముక్క వదిలెయ్ తల్లీ, నీకు పుణ్యముంటుంది."

పానకంలో పుడకలా తగిలాడు ఈయన.

"ఏమంటున్నారు?" అడిగింది డాక్టరమ్మ.

"గోడ చాలా అందంగా ఉందంటున్నారు," అంది చింగ్యా నవ్వు చెదరకుండా.

తర్వాత గొంతు తగ్గించింది. "గైడు మీరా, నేనా? అది వదిలేస్తే చప్పట్లెవరు కొడతారు, మీరు కొడతారా? దిగండి తాతా. లేదంటే కాపలావాణ్ణి పిలుస్తా."

ఆయనకి కోపం రాలేదు. ఇటుకని అరచేత్తో ఓసారి నిమిరాడు.

"నీ గొంతు బాగుందమ్మా. నువ్వు చెబితే అబద్ధం కూడా నిజమనిపిస్తుంది. అందుకే అడిగా."

గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి వెళ్ళిపోయాడు.

సాయంత్రం హోటల్ ముందు అతిథులు చప్పట్లు కొట్టారు. మిగతా మూడు రోజులూ ఆమెకే ఖాయమైపోయాయి. ఎగిరి గంతేసినంత పని చేసింది చింగ్యా.

"ఇదిగో, మీ తాత ఇచ్చాడు," అన్నాడు థాంగ్, పాత న్యూస్‌పేపర్ అట్ట వేసిన పుస్తకం చేతిలో పెడుతూ. "గోడ దిగొచ్చి కాసేపు బస్సులో కూలబడ్డాడు. నీ పేరు అడిగి ఏదో రాసి, నీకిమ్మని టాక్సీ ఎక్కాడు."

తెరిచింది. తను బట్టీపట్టిన పుస్తకమే!

పాన్ దెశింగ్ కథ ఉన్నచోట ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసి ఉంది. చుట్టూ అంచుల్లో చీమల బారులా పేర్లు. అన్నీ గైడులవే. కొందరు ఆమెకు తెలుసు. ప్రతి పేరు పక్కనా 'విన్నాడు', 'విన్నది', 'మూడోసారికి విన్నాడు'.

చిట్టచివర తన పేరు.

'లూ చింగ్యా. మంచి గొంతు. వినలేదు. మళ్ళీ ఎక్కి చెప్పాలి.'

ఆ చివరి మూడు మాటలూ ఆయనే కొట్టేశాడు.

చింగ్యాకి పొద్దున తను అన్న మాటలు గుర్తొచ్చి సిగ్గేసింది.

"ఎవరు థాంగ్ ఆయన? పరీక్ష తప్పిన గైడా?"

"ఏమో, నాకేం తెలుసు!"

పేపరు అట్ట ఒలిచింది. నాలుగేళ్ళుగా తాను చూడని అసలు అట్ట కనిపించింది. దాని మీద, పుస్తకం పేరు కింద, రాసినవారి పేరుంది: రోంగ్ బోహాయ్.