రోజూ అదే నంబరు

ఆమె కూతురి యూనిఫాం ఇస్త్రీ చేస్తోంది. భర్త వెనకనుంచి జుట్టు పట్టుకుని తలను గోడకేసి కొట్టాడు.

“వారం నుంచి రోజూ అదే నంబరుకి చేస్తున్నావ్. ఎవడే వాడు?”

“నేను చెయ్యలేదు.” పెదవి చిట్లి రక్తం కారుతోంది.

“ఇప్పుడే తేలుస్తా.” ఆమె ఫోన్‌లోంచే ఆ నంబరు నొక్కి స్పీకర్ పెట్టాడు.

“ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్,” అంది ఒక ఆడగొంతు. ఆ వెంటనే నంబరు గుర్తుపట్టినట్టు మెత్తగా అడిగింది. “పాపా, నువ్వేనా? అమ్మ మళ్లీ చచ్చిపోతానందా? నిన్న కూడా నిద్రపోకుండా కాపలా కాశావా తల్లీ?”

భర్త తలుపు చాటునున్న ఎనిమిదేళ్ల కూతురి మీదికి చెయ్యెత్తాడు. “ఇంటి గుట్టు బజార్న పెడతావే?”

ఆమె అతణ్ణి ఒక్క తోపు తోసింది. ఇంకా వినిపిస్తున్న ఆ గొంతుతో సహా ఫోన్ లాక్కుని, పాప చెయ్యి పట్టుకుని గడప దాటింది.