మీ మనిషే అనుకున్నాం

ఫిల్టర్ల పరీక్ష మొదలైన రోజు పొద్దున్నే ఒక ముసలాయన ఇద్రిస్ సాహెబ్ పెరట్లోకి వచ్చి, ఎవరినీ ఏమీ అడక్కుండా బోరింగు కొట్టడం మొదలుపెట్టాడు.

ఇద్రిస్ సాహెబ్ రిజిస్ట్రేషన్ ఆఫీసులో హెడ్ క్లర్కుగా రిటైరయ్యాడు. పెరట్లోకి కాకి వచ్చినా ఏ పని మీద వచ్చిందో అడిగే రకం. కానీ ఈయన్ని అడగలేదు. ప్రాజెక్టువాళ్ళ మనిషి అనుకున్నాడు.

పైగా ఆ రోజు ఆయన గర్వంలో ఉన్నాడు.

నీళ్ళలో ఆర్సెనిక్ యాభై దాటితే తాగకూడదు. ఆయన బోరింగుకి నాలుగువందల ఎనభై వచ్చింది. అందుకే చాంద్‌పూర్ నుంచి నాలుగు రకాల ఫిల్టర్లు తెచ్చి ఆయన పెరట్లోనే పెట్టారు.

"ఊళ్ళో ఇంకెవరికీ ఇంత రాలేదు," అన్నాడు భార్యతో. "ఆ పక్కింటి కొబాద్‌కి మూడువందల ఇరవయ్యేనట."

"పాపం," అంది రొకేయా.

ఆమె అరచేతుల్లో మిరియం గింజల్లాంటి గట్టి మచ్చలు మూడేళ్ళుగా ఉన్నాయి. డాక్టరు మందు రాయలేదు, నీళ్ళు మార్చమన్నాడు.

ప్రాజెక్టు ఆఫీసరు లుబ్నా అని పాతికేళ్ళ అమ్మాయి. షరతు ముందే చెప్పింది.

"నలభై అయిదు రోజులు, రోజుకి అరవై బకెట్లు పొయ్యాలి చాచా. ఒక్క రోజు ఆగినా ఇవన్నీ పక్క ఊరికి పట్టుకుపోతాం. ఆగకుండా సాగితే, గెలిచిన ఫిల్టరు మీదే."

అరవై బకెట్లు ఎవరు కొడతారని అడగబోయాడు ఇద్రిస్ సాహెబ్. ముసలాయన అప్పటికే పదో బకెట్టు నింపుతున్నాడు.

"ఈ బోరింగు ఎవరు వేయించారు చాచా?"

"మా నాన్న. ఊళ్ళో ఇదే మొదటిది. అంతకుముందు చెరువు నీళ్ళు తాగి ఏటా పిల్లలు పోయేవాళ్ళు. నీళ్ళు పడ్డ రోజు ఊరంతా మా ఇంట్లోనే కిచిడీ తిన్నది."

"సరిగ్గా ఆర్సెనిక్ ఉన్న లోతులోనే ఆపారు."

"అది బోరు తవ్విన మిస్త్రీ తప్పమ్మా. మా నాన్నకేం సంబంధం?"

నీళ్ళు బాగున్నంతకాలం ఆ బోరింగు నాన్నది. విషమని తేలాక మిస్త్రీది.

ముసలాయన రోజూ వచ్చాడు. సాయంత్రం వెళ్ళేముందు లుబ్నాని ఒకటే అడిగేవాడు. "ఇవాళ ఎంతొచ్చిందమ్మా?"

"మూడు కుండల ఫిల్టరుది పన్నెండు. స్టీలు డ్రమ్ము తొంభై."

ఇద్రిస్ సాహెబ్‌కి ఇది నచ్చలేదు. డ్రమ్ము మెరుస్తోందని ముందుగదిలో షోకేసు పక్కన దానికి చోటు చూసిపెట్టాడు.

"ముందుగదిలో కుండలు పెట్టుకుంటారా ఎవరైనా?" అన్నాడు.

మధ్యాహ్నం రొకేయా ముసలాయనకి అన్నం, చేపల కూర పెట్టి కుండల నీళ్ళు ఇవ్వబోయేది.

"అవి నీకమ్మా," అని ఆయన బోరింగు నీళ్ళే దోసిట పట్టి తాగేవాడు.

"చూశావా, ప్రాజెక్టువాళ్ళకే వాళ్ళ ఫిల్టరు మీద నమ్మకం లేదు," అన్నాడు ఇద్రిస్ సాహెబ్.

నమాజుకి ముందు ఇద్రిస్ సాహెబ్ బోరింగు చుట్టూ ఉన్న సిమెంటు చప్టా మీద నిలబడి కాళ్ళు కడుక్కుంటుంటే, బోరింగు కొట్టేది కూడా ముసలాయనే. ఆయన కాళ్ళవైపే తల వంచుకుని చూస్తూ కొట్టేవాడు. వినయం అనుకున్నాడు ఇద్రిస్ సాహెబ్.

నలభయ్యో రోజు ముసలాయన రొకేయాని అడిగాడు. "అరచేతులు ఒకసారి చూపించమ్మా."

ఆమె చూపించింది. ఆయన చాలాసేపు చూశాడు. వరండాలోంచి ఇద్రిస్ సాహెబ్ కూడా చూశాడు.

"ఏం పెద్దమనిషీ, జాతకం చెబుతున్నావా? నీ పని బోరింగు కొట్టడం. అది చూసుకో."

"అవును బాబూ. నా పని అదే," అన్నాడు ముసలాయన. అరవయ్యో బకెట్టు నింపి వెళ్ళిపోయాడు.

మర్నాడు రాలేదు.

"మీ మనిషి రాలేదేంటమ్మా?" అన్నాడు ఇద్రిస్ సాహెబ్.

"మా మనిషా? మీ మనిషి కదా చాచా?"

"మీరు పంపినవాడు మా మనిషెలా అవుతాడు?"

"మేమెవర్నీ పంపలేదే. మీ పాలేరు అనుకున్నాం."

ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో ఏ ఆఫీసుకీ చెందని మనిషిని ఇద్రిస్ సాహెబ్ చూడలేదు. ఎవరి మనిషీ కానివాడు రోజుకి అరవై బకెట్లు ఎందుకు కొడతాడో ఎంత ఆలోచించినా తెగలేదు.

"పోనీ, పేరేంటి?" అంది లుబ్నా.

ఇద్రిస్ సాహెబ్ ఆమెవైపు చూశాడు. ఆమె ఆయనవైపు చూసింది.

"తొరాబ్ అలీ," అంది రొకేయా. "మీరెవరూ అడగలేదా?"

రేవులో వాకబు చేస్తే లాంచీ ఎక్కాడన్నారు. ఏ ఊరి లాంచీయో ఎవరూ చూడలేదు.

మిగిలిన అయిదు రోజులూ బోరింగు కొట్టింది ఇద్రిస్ సాహెబే. మొదటిరోజు ఇరవయ్యో బకెట్టుకే అరచేతులు బొబ్బలెక్కాయి. రొకేయా ఆ చేతులు పట్టుకుని చాలాసేపు చూసింది. జాతకం ఏమీ చెప్పలేదు.

నలభై అయిదు రోజులూ నిండాయి. కుండలు గెలిచాయి. షోకేసు పక్కన చేరాయి.

"రేపు పెద్దాఫీసర్లు ఫొటోకి వస్తారు చాచా. ఆ చప్టా కాస్త రుద్దించండి," అంది లుబ్నా.

రుద్దడానికి మనిషెవరూ లేరు. ఇద్రిస్ సాహెబే కొబ్బరిపీచు పట్టుకుని కూర్చున్నాడు. ఏళ్ళ తరబడి పేరుకున్న ఎర్రటి తుప్పు మడ్డి పెచ్చులుగా లేచింది.

కింద సిమెంటులో, తడిగా ఉన్నప్పుడు వేలితో రాసిన అక్షరాలు బయటపడ్డాయి.

'మిస్త్రీ తొరాబ్ అలీ, 1983.'

సరిగ్గా ఆ అక్షరాల మీదే నిలబడి ఇద్రిస్ సాహెబ్ ఇరవయ్యేళ్ళుగా రోజుకి అయిదుసార్లు కాళ్ళు కడుక్కుంటున్నాడు.