ఈ నెలలోనే సఫారీ

"తాడోబా సఫారీ ఎండకాలంల పెట్టుకుందాం. అప్పుడైతే పులులు నీళ్ళకొస్తయంట. నా కండ్లు గూడ మంచిగైతయి," అంది కల్పన.

"ఈ నెలల్నే పోదాం," అన్నాడు భర్త మహేశ్వర్, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా.

"గింత తొందరేంది?"

అతను ఫోన్ పక్కన పెట్టాడు.

"సూర్యాపేటల కండ్ల డాక్టర్ నిన్నొక్కన్నే లోపలికి పిలిచి ఏం జెప్పిండు? మందులతోని తగ్గుతదన్నవ్ గదా!"

"తగ్గదన్నడు. ఎండకాలం దాకా చూపు ఉండదన్నడు. నువ్వు పరేషాన్ అయితవని చెప్పలే."

"ఇన్ని దినాలు నీ ముఖం సూస్కుంటనే నమ్మిన."

అతను చెయ్యి పట్టుకోబోతే కల్పన వెనక్కి తీసుకుంది.

"ఈ నెలకే బుక్ చెయ్యి. నాకొకటి, మిర్యాలగూడల మా అక్కకొకటి. నువ్వు రావద్దు. పులి రాకుంటే రాలేదనే చెప్తది అక్క."