పెద్ద చక్రాలు

"పెద్దవే బిగించండి" అందామె.

భర్త తల తిప్పి చూశాడు. కింద కూర్చుని స్పోకులు సరిచేస్తున్న మెకానిక్ కూడా చేతిలో పని ఆపాడు. ఆ వీధిలో అతన్ని అందరూ పానా అనే పిలుస్తారు.

"పెద్దవంటే ముందు ఇరవై ఒకటి, వెనక పద్దెనిమిది అంగుళాలమ్మా. రాళ్ళూ గుంతలూ లెక్కచెయ్యదు, ఎక్కేస్తుంది. కానీ సీటు అంగుళం పైకి లేస్తుంది. చిన్నవి పంతొమ్మిది, పదహారు. సారుకి అవైతేనే..." అంటూ పానా ఆమె భర్త ఎడమకాలి వైపు చూసి, చూడనట్టు చక్రం వైపు తిరిగాడు.

"మా ఆవిడ బండి గురించి నోరు విప్పడం ఇదే మొదటిసారి. ఆవిడ మాటే కానివ్వు" అన్నాడు భర్త.

"మా ఇంట్లోనూ అంతే సార్. నట్టు ఎటు తిప్పాలో కూడా మా ఆవిడే చెబుతుంది."

మగవాళ్ళిద్దరూ నవ్వుకున్నారు. ఆమె గోడకి వేలాడుతున్న ట్యూబులు చూస్తూ నిలబడింది.

భర్త ఎడమకాలిలో రెండు రాడ్లున్నాయి. రెండేళ్ళ కిందట కొండదారిలో పాత పెట్రోలు బండి మీంచి పడినప్పుడు వేసినవి. ఆ కాలు కుడికాలి కంటే అంగుళం పొట్టి అయింది. ఆస్పత్రి నుంచి ఫోనొచ్చిన రోజు ఆమె పొయ్యి కట్టేసి, గిన్నె మీద మూత పెట్టి, తలుపుకి తాళం వేసి బయల్దేరింది. ఏడవలేదు. అప్పట్నుంచీ అన్నీ అలాగే చేస్తోంది. ఏదీ మరిచిపోదు, దేనికీ ఉలిక్కిపడదు. మళ్ళీ బండి కొంటానని, ఈసారి కొండలెక్కే ఎలక్ట్రిక్ బండి అని భర్త చెప్పినప్పుడు కూడా, చేతిలో ఉన్న తువ్వాలు మడత పెట్టడం పూర్తిచేసి బీరువాలో సర్దింది.

ఉపాయం చెప్పింది కూతురు. ఆ పూటే వంటింట్లోకి వచ్చి, కొళాయి తిప్పి, ఆ నీళ్ళ చప్పుడులో చెప్పింది.

"వద్దనకమ్మా. వద్దంటే నాన్న ఇంకా మొండికేస్తారు. పెద్ద చక్రాలు పెట్టించు. కాలు నేలకి అందకపోతే ఆయనే దిగొస్తారు."

ఆమె ఇస్త్రీ చేసిన భర్త ప్యాంటు మంచం మీద పరిచి, ఎడమకాలి లోపలి కుట్టు పొడవునా టేపు పెట్టి కొలిచి, బండి కాగితాల్లో ఉన్న సీటు ఎత్తుతో పోల్చుకుంది. చిన్న చక్రాలైతే ఆ కాలి మునివేళ్ళు ఆనుతాయి. పెద్దవైతే ఆనవు. రెండోసారి కూడా కొలిచి, టేపు చుట్టి కుట్టుమిషను సొరుగులో పెట్టేసింది.

పానా టైరు అంచుకి సబ్బునీళ్ళు రాసి, రెండు ఇనుప కమ్మీలతో రిమ్ములోకి తోశాడు. గాలి నిండుతుంటే టైరు టప్పుమని కూర్చుంది. భర్త పక్కనే కుర్చీ వేసుకుని, చంటిపిల్లకి నీళ్ళు పోస్తుంటే చూస్తున్నంత శ్రద్ధగా చూస్తున్నాడు. ఆమె ఫోను మోగింది. కూతురు.

"ఏవి బిగిస్తున్నారమ్మా?"

"పెద్దవే."

"నాన్న ఏమీ అన్లేదా?"

"లేదు."

"అమ్మయ్య! నువ్వు గట్టిదానివే అమ్మా!" అని పెట్టేసింది.

తండ్రి మీద ఆ పిల్లకెంత బెంగో అనుకుంది ఆమె. తనకీ ఊరటగా అనిపించాలి. అనిపిస్తుందేమోనని కాసేపు చూసింది. ఏమీ లేదు. ఫోను సంచిలో వేసి జిప్పు లాగింది.

రెండో చక్రం కూడా బిగించి, పానా బండిని స్టాండు మీంచి దింపి పట్టుకున్నాడు. "ఎక్కండి సార్. నేను వదల్ను."

భర్త పళ్ళు బిగబట్టి కాలు అటు వేసి కూర్చున్నాడు. కుడికాలి మునివేళ్ళు నేలకి తగిలాయి. ఎడమకాలి బూటు మాత్రం కింద పరిచిన రబ్బరు పట్టాకి అంగుళం ఎత్తున గాల్లో ఆగిపోయింది. అది కొంచెం ఊగింది కూడా.

"చెప్పానుగా సార్" అన్నాడు పానా. "చప్పుడు లేని బండి, ఉన్నట్టుండి దూకుతుంది. ఆగినప్పుడు కాలు ఆనకపోతే బండి మన మీదే పడుతుంది. మళ్ళీ ఎందుకా గొడవ? అరగంటలో చిన్నవి మార్చేస్తాను."

ఆమె ఆ బూటునే చూస్తోంది. ఇక దిగొస్తాడు. ఇంకెప్పుడూ ఎక్కడు. అలా అనుకోగానే ఆమెకి ఆకలేసింది. తినే వేళయిందని తినడం కాదు, నిజంగా కడుపులో కాలే ఆకలి. ఇలా వేసి రెండేళ్ళయింది.

భర్త ఆమె భుజం పట్టుకుని మెల్లగా దిగాడు.

"పోనీలెండి" అందామె. "అందనిదాని కోసం పాకులాట ఎందుకు? ఇంటికెళ్ళి భోంచేద్దాం. బండి వద్దనుకుందాం."

"వద్దనుకోవడమేమిటి? పానా, ఇవే ఖాయం. నట్లన్నీ ఇంకోసారి బిగించు."

"ఏమండీ, కాలే ఆననివారు ఎలా నడుపుతారు?"

భర్త మొహంలో సంబరం ఆగలేదు. ఆమె చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

"నేనెక్కడ నడుపుతానే పిచ్చిదానా! బండి మన అమ్మాయికి. తన పొడుగు కాళ్ళకి ఈ ఎత్తే కావాలంది. పెద్ద చక్రాలకి అమ్మ చేత ఊ అనిపిస్తానని నాతో పందెం కూడా వేసింది!"