డాక్టరు గారి చక్కెర

"నెలాఖరుకు ఇల్లు ఖాళీ జెయ్యిర్రి. ఇగ వేరే ముచ్చటే లేదు!"

ఆదివారం పొద్దున్నే పై అంతస్తు నుంచి దిగొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు ఇంటి ఓనరు బాలరాజు. ఆయన మామూలుగా మాట్లాడినా నాచారంలో సగం వీధికి వినబడుతుంది. కింద పోర్షన్‌లో అద్దెకుంటున్న ఛాయాదేవి గుండె జారిపోయింది. కూతురు గీతిక పదో తరగతి పరీక్షలు ఇరవై రోజుల్లో ఉన్నాయి. ఇప్పుడు ఇల్లెక్కడ వెతుక్కోవాలి?

"మేమేం చేశామండీ అన్నయ్యగారూ?"

"ఏం జేసిన్రా? గా రెండు డ్రమ్ములేంది? పొద్దుగాల్నే నింపుకుంటే మీద ట్యాంకుల ఏం మిగుల్తది? సంపు ఎండింది. నల్లా రేపు గాని రాదు. ముగ్గురు మనుషులకు గన్ని నీళ్లెందుకమ్మా?"

"ముందు కాస్త టీ తాగండి."

"నాకు షుగర్ ఉన్నది. తీపి నోట్లె వెట్టక పదేండ్లాయె."

ఛాయాదేవికి చటుక్కున నీలం మూత డబ్బా గుర్తొచ్చింది. భర్త రామ్మోహనరావుకు మలబద్ధకమని ఉప్పల్ డాక్టరు రాసిన పొడి అది. "ఇదీ ఒక రకం చక్కెరేనమ్మా, షుగరున్నవాళ్లకైనా రాస్తుంటాం" అన్నాడాయన. ఇంకా చాలా చెప్పాడు గానీ, ఆ కంగారులో ఆవిడకు ఈ ముక్క ఒక్కటే తలకెక్కింది.

"షుగర్ పెరగని చక్కెరుందండీ మా దగ్గర!"

తీపి తక్కువని కప్పుకు రెండు చెంచాలు వేసింది. బాలరాజు ఒక గుక్క తాగి కళ్లు మూసుకున్నాడు.

"అబ్బబ్బ! ఏం టీ వెట్టినవమ్మా! జర ఇంకో కప్పు పొయ్యి."

మూడో కప్పుకు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నవ్వాడు కూడా. ఛాయాదేవికి ప్రాణం లేచొచ్చింది. మహానుభావుడు మూతి తుడుచుకుని లేస్తూ, "టీ మస్తుగున్నది. ఇల్లు మాత్రం ఖాళీ జెయ్యాలె" అని మెట్లెక్కేశాడు.

కూరగాయలతో ఇంటికొచ్చిన రామ్మోహనరావు సంగతంతా విని సంచి కింద పడేశాడు.

"నీలం మూత డబ్బానా? ఎన్ని చెంచాలు?"

"ఆరు."

"ఆరా! అది ఒంటికి పట్టదు, పేగుల్లోకి దిగి నీళ్లు లాగుతుంది, లోపలి మంచి బ్యాక్టీరియాకి మేత అవుతుందని డాక్టరు చెప్పలేదుటే? రోజుకి ఒక్క చెంచాకే నాకు పొద్దున్నే హాయిగా అయిపోతోంది. ఆరు చెంచాలకి ఆ మనిషి ఏమైపోవాలి!"

"అయితే నెలాఖరు దాకా కూడా ఆగడండీ. ఇవాళే సామాను వీధిలో పెట్టిస్తాడు."

అన్నాల వేళకు మొదలైంది. పైన తలుపు ధడేల్మంది. ఫ్లష్ చప్పుడు. పది నిమిషాలకు మళ్లీ ధడేల్, మళ్లీ ఫ్లష్. గీతిక సోషల్ పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని పడీపడీ నవ్వింది. తల్లి మాత్రం దేవుళ్లందరికీ దండాలు పెట్టుకుంటోంది. ఐదోసారి నీళ్లు సన్నగా జారాయి. ఆరోసారి పైపు గుర్రుమని ఊరుకుంది.

కాసేపటికి పై బాత్రూం కిటికీలోంచి గొంతు వినబడింది.

"ఓ రామ్మోహన్ బావా!"

మూడేళ్లలో ఆయన నోట 'బావా' అన్న పిలుపు ఇదే మొదలు. రామ్మోహనరావు పెరట్లోకి వెళ్లాడు.

"చెప్పండి."

"వారం సంది బిగవట్టిన కడుపు బావా, ఇయ్యాల దూది లెక్కయింది! గా చక్కెర పేరేందో రాసియ్యి. ఇల్లు ఖాళీ జేసుడు లేదు, ఏం లేదు. పోరిని మంచిగ సదువుకోమను."

పైన కాస్త దగ్గు, ఆ తర్వాత గొంతు బాగా తగ్గింది.

"మా ఆమె అన్నోజిగూడ వోయింది, ఇంట్ల ఎవ్వలు లేరు... గా డ్రమ్ములకెల్లి రెండు బకెట్ల నీళ్లు జెల్ది తెచ్చి, తలుపు కాడ వెట్టి పో బావా!"