మంచం పైన గోడ

రెండువేల ఏళ్ల కిందటి రోము నుంచి ఎలాగో ఈనాటి రోములోకి వచ్చిపడ్డ బానిస హిలారస్ గబగబా సంచిలో రొట్టె కుక్కుకుంటున్నాడు.

"ట్రాముకే బెదరనోడివి, నా వంటకు పారిపోతున్నావేంట్రా?" అంది అతన్ని చేరదీసిన ముసలి ఎర్సీలియా.

అతడు ఆమె మంచం పైన గోడకున్న సిలువ మీది మనిషి బొమ్మను చూపించాడు. "అతను ఎవరి బానిస అవ్వా? ఏం చేశాడు?"

"ఏ తప్పూ చెయ్యలేదు నాయనా."

"మా అన్న కూడా చెయ్యలేదు. ఊరి బయట దారి పక్కన, ఇలాంటి కొయ్య మీదే ప్రాణం పోయేదాకా అరిచాడు. దాని కింద నీకు నిద్రెలా పడుతుంది?"

ఆయన దేవుడని చెప్పబోయింది. చిన్నప్పటి నుంచీ మొక్కుతున్న ఆ చేతుల్లో మేకులు ఆమెకు ఇవాళే కనబడ్డాయి.

"ఆగరా, తీసేస్తా" అంటూ కుర్చీ ఎక్కింది.

వెనక తలుపు చప్పుడైంది.

ఈస్టరుకు ముందు బుధవారం మధ్యాహ్నం వెళ్లిన హిలారస్ మళ్లీ రాలేదు.